పడిశం పట్టిన టిల్లరు

రిటైరయ్యాక నాకు పట్టుకున్న కొత్త జబ్బు ఫోన్లో వీడియోలు చూడటం. మొన్న ఒకటి చూశాను. ఎక్కడో మంచు దేశంలో, మంచు మీద పరిగెత్తే బండికి చైన్ కేసులోంచి నూనె కారుతోందట. చేతులకి తొడుగులేసుకున్న ఒక తెల్లాయన దాన్ని విప్పి చూపిస్తున్నాడు. అద్దంలా తుడిచిన బల్ల, వరసగా పేర్చిన స్పానర్లు, వెనకాల సన్నగా సంగీతం. ఆయన నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు మార్చాడు, కొత్త నూనె పోశాడు, బొటనవేలు పైకెత్తి చూపించాడు, అయిపోయింది. మా ఆవిడ నా భుజం మీంచి తొంగి చూసి, ఉద్యోగమంతా అదే పని చేసి ఇంటికొచ్చి మళ్ళీ అదే చూస్తున్నారేంటండీ అంది. నేను వీడియోని మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. సీలు మార్చగానే కారడం ఆగిపోయే దేశంలో ఉద్యోగం చేసి ఉంటే నా జుట్టు ఇంకా నల్లగానే ఉండేది.

ఐటీఐ పూర్తి చేసి ఇప్పుడిప్పుడే వర్క్‌షాపుల్లో చేరుతున్న కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మన దగ్గర మంచు లేదు, బురద ఉంది. తేడా అంతే. చైన్ కేసు ఎక్కడైనా చైన్ కేసే. ఒక ఇనప డబ్బా, అందులో గొలుసు, గొలుసు అరిగిపోకుండా నూనె. పవర్ టిల్లరుకి వెనక బురద చిలికే కత్తులుంటాయి కదా, ఇంజను బలాన్ని వాటికి అందించేది ఆ డబ్బాలోని గొలుసే. నూనె బయటికి కారడంతో కథ అయిపోదు. నూనె వెళ్ళిన దారినే బురదనీళ్ళు లోపలికొస్తాయి. లోపలి నూనె పాలెక్కువైన టీ రంగుకి తిరుగుతుంది. తర్వాత గొలుసు తెగుతుంది, చేలో బురద చిలికే దమ్ము ఆగిపోతుంది, రైతు ఫోన్ చేస్తాడు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

నేను నరసాపురంలో ఒక టిల్లర్ల డీలరు దగ్గర హెడ్ మెకానిక్‌గా పనిచేశాను. హెడ్ అంటే పెద్ద ఊహించుకోకండి, నా కింద ఉన్నది ఒక రెండో మెకానిక్, ఒక స్టోరు గుమాస్తా, అంతే. స్టోరాయనకి ప్రపంచంలోని కష్టాలన్నిటికీ ఒకటే కారణం కనపడేది, డూప్లికేట్ సరుకు. ఇంట్లో పప్పు ఉడక్కపోయినా కుక్కరుకి డూప్లికేట్ వాషరు వేసుంటారండి అనేవాడు. రెండో మెకానిక్ వాళ్ళ నాన్న ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు. ఆ వాసన ఇతనికి వదల్లేదు. షాపుకొచ్చిన ప్రతి బండికీ ఒక రోగం పేరు పెట్టేవాడు. నల్లపొగ వదిలేదానికి దగ్గు. స్టార్టవనిదానికి పక్షవాతం. నూనె కారేదానికి పడిశం.

ఇక నా సంగతి. నాకు ఒక్కటే చాదస్తం. బురదతో వచ్చిన బండి మీద స్పానరు పెట్టనివ్వను. ముందు పంపు పెట్టి శుభ్రంగా కడగాలి, ఆ తర్వాతే విప్పాలి. దుమ్ము లోపలికి పోతే బాగు చేసిన పని కూడా పాడవుతుంది కాబట్టి ఈ చాదస్తానికి అర్థం ఉంది. కానీ నేను అక్కడితో ఆగకుండా గోడ మీద పెద్దక్షరాలతో 'కడగనిదే ముట్టుకోరాదు' అని రాయించాను. అది చదివి మా రెండో మెకానిక్, గురువుగారూ, గుళ్ళో బోర్డులా ఉంది, పక్కన హుండీ కూడా పెట్టిద్దామా అన్నాడు. నేను నవ్వలేదు. నా రూలు మీద నాకు అంత గౌరవం.

ఆ ఏడు వానాకాలం పంట సార్వా మొదట్లో, మొగల్తూరు అవతల శివారు ఊరినుంచి ఒక కౌలు రైతు తన టిల్లరుని ఆటోలో వేసుకొచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చైన్ కేసు కింద, కత్తుల ఇరుసు దగ్గర నూనె కారుతోందండి అన్నాడు. కడిగించాను, విప్పించాను, సీలు పాడైంది, మార్చాం. నూనె పోసి షాపు వెనక స్థలంలో చాలాసేపు తిప్పాం. ఒక్క చుక్క కారలేదు. ఆయన దణ్ణం పెట్టి తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే నా ఫోనుకి వీడియో. టిల్లరు కింద నేల మీద నల్లటి మరక, దాని మీద టప్ టప్ మని చుక్కలు. వెనకాల ఎక్కడో గంట మోగుతోంది. పక్కనే గుడి ఉన్నట్టుంది అనుకున్నాను.

మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ కడిగాం. స్టోరాయన పాత సీలుని వెలుతురులో పెట్టి చూసి, చెప్పానా, డూప్లికేట్ అన్నాడు. ఆ సీలు తన స్టోరులోంచే వెళ్ళిందని గుర్తుచేస్తే, అయితే కంపెనీనే డూప్లికేట్ అన్నాడు. ఈసారి సీలు నేనే నా చేత్తో వేశాను. ఇరుసు వంకర ఉందేమో చూశాను, లేదు. బేరింగు లూజుందేమో చూశాను, లేదు. చైన్ కేసు నెత్తి మీద చిన్న బొడిపెలాంటిది ఉంటుంది, బ్రీదరంటాం. దానికో సన్నటి బెజ్జం. డబ్బా వేడెక్కినప్పుడు లోపలి గాలి ఆ బెజ్జంలోంచే బయటికి పోతుంది. అది మూసుకుపోతే గాలి లోపల బిగిసి, నూనెని సీలు సందులోంచి బయటికి తోసేస్తుంది. ఈ సంగతి తెలియనివాణ్ణి కాదు. బ్రీదరు మొదటిరోజే చూశాను. శుభ్రంగా ఉంది. ఎందుకుండదు, పంపు పెట్టి కడిగించింది నేనే కదా.

షాపులో తిప్పితే చుక్క లేదు. ఇంటికెళ్ళింది, వీడియో వచ్చింది. మరక, చుక్కలు, గంట. ఆ తర్వాత అది వారం వారం జరిగే సీరియలైపోయింది. మా రెండో మెకానిక్ ఆ బండికి పడిశం బండి అని పేరు ఖాయం చేశాడు. వేడి నీళ్ళ ఆవిరి పట్టమని రైతుకి చెప్పబోతే నోరు మూయించాను. డీలరు గారు మాత్రం నన్ను లోపలికి పిలిచి, మీ వయసులో కళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిదండి అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

మాకిది నవ్వులాటే కానీ ఆ రైతుకి కాదు. ఒకసారి బండి విప్పుతుంటే పక్కన కూర్చుని తన సంగతి చెప్పాడు. ఆయన చేసే చేను భీమవరంలో ఉండే ఒక ఆసామిది. చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. పక్క చేలో మట్టి తవ్వే యంత్రం అప్పుడే దిగింది. ఎలాగూ యంత్రం వచ్చింది కదా, ఈ సార్వాకి వరి ఊడ్పు పడకపోతే మన చేను కూడా తవ్వించేస్తానని ఆసామి కబురు పెట్టారట. శివారు కాబట్టి కాలవ నీళ్ళు అందరి తర్వాత వంతు ప్రకారం వస్తాయి, వంతు దాటితే చేలోకి నీళ్ళు తెచ్చే బోదె ఎండిపోతుంది. నేల మెత్తన, ట్రాక్టరు దింపితే కూరుకుపోతుంది. ఊళ్ళో ఉన్న మిగతా టిల్లర్లు ఎవరి దమ్ములో వాళ్ళవి. నీళ్ళుండగా ఈ బండి తిరగాలి, తిరక్కపోతే చేను పోతుంది.

"చెరువైపోయిన చేను మళ్ళీ చేనవదు కదండి," అన్నాడు. అది ఫిర్యాదులా అనలేదు, మామూలుగా అన్నాడు.

వంతు వస్తోందనగా మళ్ళీ వీడియో వచ్చింది. ఈసారి చుక్కలు కాదు, ధార. గంట మాత్రం అదే. ఇక బండి మా దగ్గరికి రానక్కర్లేదు, నేనే దాని దగ్గరికి వెళ్తానని డీలరు గారికి చెప్పి, సీలు, నూనె డబ్బా, స్పానర్లు సంచిలో వేసుకుని పొద్దున్నే మోటారు సైకిలెక్కాను. శుక్రవారం. దారి పొడుగునా ఉప్పుగాలి, రెండు పక్కలా చెరువుల్లో రొయ్యలకి గాలి అందించడానికి తిరిగే చక్రాల చప్పుడు. అంత నీళ్ళ మధ్య ఒక్క చేనైనా పచ్చగా కనపడితే బాగుండుననిపించింది.

ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గేసి ఉంది. వాకిట్లో టిల్లరు. దాని ముందు ఒక మామ్మగారు, తలంటుకుని తడిజుట్టు ముడేసుకుని, కళ్ళజోడు తాడు మెడలో వేలాడుతూ. రైతు గారి తల్లి. బండి మీద చెయ్యి వెయ్యబోతే ఆవిడ ఆపేశారు.

"చెప్పులు అవతల విడిచి రండి బాబూ. పూజ అయిపోవచ్చింది."

నేను రాయించిన బోర్డు కంటే గట్టి రూలది. స్పానరు చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో, పక్కన నిలబడ్డాను. ఆవిడ హ్యాండిళ్ళకి పసుపు రాశారు. చక్రాలకి బొట్లు పెట్టారు. ఇంతవరకు ఏ వింతా లేదు, మన వైపు పసుపు కుంకాల్లేని బండి షాపుకి ఎప్పుడొచ్చింది కనక. ఆ తర్వాత ఆవిడ ఇత్తడి గిన్నెలోంచి నిమ్మకాయంత పసుపు ముద్ద తీసి, చైన్ కేసు నెత్తి మీదున్న బొడిపె మీద పెట్టి బొటనవేలితో బాగా నొక్కారు. దాని మీద కుంకం. కుంకం మీద నందివర్ధనం పువ్వు. అప్పుడు గంట మోగించారు.

వీడియోల్లో నేను విన్న గంట అది. గుడి ఎక్కడో లేదు, బ్రీదరు మీదే ఉంది.

వంగి ఆ ముద్దని దగ్గరగా చూశాను. తర్వాత ఎప్పుడూ అక్కడే పెడతారా అండి అని అడిగాను.

"మరెక్కడ పెడతాం బాబూ, దాని నుదురు అదే కదా. బాగై ఇంటికొచ్చిన ప్రతిసారీ పెడతాను. శుక్రవారాలు సరేసరి. పాపం దిష్టి తగిలి కారుతోందని ఈమధ్య ఇంకాస్త ఎక్కువే పెడుతున్నా. బియ్యప్పిండి కలిపితే ఎండినా రాలట్లేదు."

బియ్యప్పిండి కలిపిన పసుపు. ఇంజను వేడికి ఎండితే సిమెంటుకి తీసిపోదు. కారిన కొద్దీ ఆవిడ ముద్ద పెంచారు, ముద్ద పెంచిన కొద్దీ అది కారింది. షాపుకి తెస్తే నా బోర్డు ప్రకారం మొట్టమొదట దాన్ని కడిగి పారేసి, శుభ్రమైన బండిని విప్పి, రోగం ఎక్కడుందా అని వెతికాం. పడిశం అని పేరు పెట్టినవాళ్ళం ముక్కెక్కడుందో చూసుకోలేదు.

నేను రైతు వైపు చూశాను. అది బోల్టనుకున్నానండి అన్నాడు. తన తల్లి వైపు చూడలేకపోతున్నాడు.

పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది, నిజం చెప్పాలంటే. కానీ ఆవిడ చేతులు చూశాక అది గొంతు దాటలేదు. పొలం పనితో కాయలు కాసిన చేతులు, వేళ్ళ నిండా పసుపు. చేను పోతోందని రోజూ తెల్లారకముందే లేచి ఆ చేతులతోనే మొక్కుతున్నారు. పోయేది ఆ చేతివల్లేనని ఎలా చెప్పను? షాపులో స్టోరాయన్ని, రెండో మెకానిక్‌ని నోటికొచ్చినట్టు తిట్టగలిగిన నాకు ఒక్క మాట దొరకలేదు. చెప్పకుండా వదిలేద్దామా అంటే వచ్చే శుక్రవారం మళ్ళీ పసుపు ముద్ద.

చివరికి ఆవిడ అన్న మాటే పట్టుకున్నాను.

"మామ్మగారూ, అది నుదురు కాదండి. ముక్కు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బండి వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. యంత్రానికి ముక్కేంటని అడిగారు. చెప్పాను. అది పనిచేస్తే లోపల వేడెక్కుతుందనీ, మనలాగే ఊపిరి వదలాలనీ, వదలడానికి ఆ బొడిపెకి సన్నటి బెజ్జం ఉందనీ, అది మూసుకుపోతే ఊపిరాడక కింది నుంచి నూనె కక్కేస్తుందనీ. ఇంజనీరింగు పుస్తకాల్లో ఇలా రాయరు. రాస్తే ఇంకాస్త మందికి అర్థమయ్యేది.

ఆవిడ ఆ బొడిపె మీది పువ్వునే చూస్తూ ఉండిపోయారు. చేతిలో గంట ఉన్న సంగతి కూడా మరిచిపోయారు. తర్వాత మెల్లిగా, "అయితే నా చేత్తోనే పీక నొక్కానన్నమాట," అన్నారు.

లేదండి, మాకు తెలిసుండాల్సింది, మేం చూడలేదు అన్నాను. అది మర్యాదకి అన్న మాట కాదు. ఆవిడ వినిపించుకోలేదు. పువ్వు తీసి కళ్ళకద్దుకున్నారు, ముద్ద ఊడదీశారు. దాని కింద పాత ముద్దలు పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. నేను స్పానరు పెట్టి గీకబోతే వద్దన్నారు. గాజులకి వేలాడుతున్న పిన్నీసు ఒకటి తీసి, నేల మీద చతికిలబడి, పసిపిల్లాడి ముక్కు శుభ్రం చేసినట్టు తనే ఆ బెజ్జం తీశారు. మధ్యమధ్యలో నొప్పెడుతోందా అని దాన్ని అడగడం కూడా విన్నాను. మా షాపులో ఏ పని కూడా అంత శ్రద్ధగా జరగలేదు.

నేను సీలు మార్చి, కొత్త నూనె పోశాను. ఈసారి కడగలేదు. వాకిట్లో పంపూ లేదు, నాకు ఆ ధైర్యమూ లేదు. మరి బొట్టు ఎక్కడ పెట్టుకోవాలి బాబూ అని ఆవిడ అడిగితే, ముందు లైటు పైనున్న రేకు చూపించి, నుదురు అదండి అన్నాను. ఎంత పసుపైనా పెట్టుకోండి అన్నాను. అక్కడ ఒక గుడి కట్టినా ఇంజనుకి నష్టం లేదు.

బోదెలో నీళ్ళు వచ్చాయి. బండి చేలోకి దిగింది. రైతు దమ్ము చేస్తుంటే నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గట్టు మీద నడుస్తూ, మలుపు మలుపుకీ ఆపించి వంగి చూశాను. బురద తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నానికి బ్రీదరు దగ్గర వేలు పెడితే వెచ్చటి గాలి సన్నగా తగిలింది. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. పక్క చేలో మట్టి తవ్వే యంత్రం పొద్దుటి నుంచీ రొద చేస్తూనే ఉంది. ఎండ తగ్గే వేళకి భీమవరం ఆసామి మోటారు సైకిలు మీద వచ్చారు. గట్టు మీద నిలబడి, సగానికి పైగా చిలికిన బురద, గట్టున తెచ్చి పెట్టిన నారు కట్టలు చూశారు. ఫోను తీసి ఎవరికో, మనది ఇప్పుడొద్దులే, పక్కవాళ్ళది అయ్యాక వెళ్ళిపోండి అని చెప్పి వచ్చిన దారినే వెళ్ళారు. రైతు ఆ మాట విన్నాడు. బండి ఆపలేదు, వెనక్కి తిరగలేదు, కానీ ఆ చాలు మాత్రం బాగా వంకరగా వెళ్ళింది.

షాపులో ఈ కథ చెప్పినప్పుడు మా రెండో మెకానిక్ నేల మీద పడి నవ్వాడు. స్టోరాయన మాత్రం ఆలోచించి ఆలోచించి, ఆ పసుపు డూప్లికేట్ అయి ఉంటుందండి, అసలు పసుపైతే అంత గట్టిపడదు అన్నాడు. నేను గోడ మీద బోర్డు చెరిపించలేదు. దానికి ముందు ఇంకో మాట చేర్పించాను. 'చూడనిదే కడగరాదు, కడగనిదే ముట్టుకోరాదు.' ఇప్పుడు నిజంగానే గుళ్ళో బోర్డులా తయారైంది. మీలో ఎవరైనా అక్కడ చేరితే, నవ్వుకోండి, కానీ చదవండి. బండి ఇంటి దగ్గర ఎలా ఉంటుందో, ఎవరు ముట్టుకుంటారో, ఎవరు మొక్కుతారో కడిగేశాక ఎవరూ చెప్పలేరు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఆ సాయంత్రం.

దమ్ము పూర్తయి బండిని గట్టెక్కించాం. కింద ఒక్క చుక్క లేదు. నేను సంచి సర్దుకుంటుంటే మామ్మగారు చేను గట్టంట నడుచుకుంటూ వచ్చారు, చేతిలో మూత పెట్టిన గిన్నె. మూత తీస్తే పరమాన్నం, ఏలకుల వాసన. ముందు లైటు రేకుకి చిన్న బొట్టు పెట్టారు. ముక్కు దగ్గర వంగి, బెజ్జం తెరిచే ఉందని చూసుకుని తృప్తిగా తలూపారు. తర్వాత గిన్నె పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి నా దగ్గర ఆగారు.

"బాబూ, ముక్కు చూపించారు, నుదురు చూపించారు. మరి నోరెక్కడండి దీనికి?"

నా చూపు తనంతట తనే నూనె పోసే మూత వైపు వెళ్ళింది. ఆవిడ చూపు నా చూపు వెంట వెళ్ళబోతోంది. గిన్నెలో నెయ్యి మెరుస్తోంది. నా ఉద్యోగ జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ ఆలోచించలేదు.

"దీనికి నోరు లేదు మామ్మగారూ," అన్నాను.

ఆవిడ మొహంలో జాలి కమ్ముకుంది. బురద కొట్టుకుపోయిన చైన్ కేసు మీద చెయ్యి వేసి నిమిరారు.

"అయ్యో, నోరు లేనిదా. అందుకే పాపం, అన్నాళ్ళు ముక్కు మూసినా చెప్పుకోలేకపోయింది."

ఆ పరమాన్నం నేనే తిన్నాను.